మా నర్సింగ్ స్కూలుకు నిధులు వచ్చిన కాలం

నర్సింగ్ విద్యకు ప్రభుత్వం కొత్తగా నిధులు మంజూరు చేసిందన్న వార్త ఎప్పుడు కంటపడినా నేను మొదట వెతికేది సీట్ల సంఖ్యను కాదు. ఆ నిధుల్లో బోధించేవారి కోసం ఎంత కేటాయించారో, విద్యార్థినులు ఏ వార్డుల్లో, ఎవరి పర్యవేక్షణలో నేర్చుకోబోతున్నారో ఎక్కడైనా రాశారా అని చూస్తాను. విద్యార్థినిగా చేరిన నాటినుంచి ట్యూటరుగా పదవీ విరమణ చేసిన నాటివరకు నా జీవితమంతా ప్రభుత్వ నర్సింగ్ స్కూళ్లలోనే గడిచింది. నిధులు లేని కాలాన్నీ చూశాను, నిధులు వచ్చిన కాలాన్నీ చూశాను. వచ్చిన నిధులు దేనికి అందాయో, దేనికి అందలేదో దగ్గరుండి చూశాను. ఆ జ్ఞాపకాలను ఒకచోట రాసిపెట్టాలని చాలా కాలంగా అనుకుంటున్నాను.

నేను విద్యార్థినిగా ఉన్నప్పుడు మా స్కూలుకంటూ చెప్పుకోదగ్గ బడ్జెట్ ఉండేది కాదు. ఆసుపత్రి ఖర్చుల్లోనే ఒక చిన్న పద్దుగా మా చదువు ఉండేది. డెమాన్‌స్ట్రేషన్ గదిలో ఒక ఇనుప మంచం, దాని మీద దూది కూరిన ఒక బొమ్మ, అద్దాల బీరువాలో కిడ్నీ ట్రేలు, ఫోర్సెప్స్, ఎనామిల్ బేసిన్లు ఉండేవి. దుప్పటి మూలలు మడవడం, రోగిని మంచం దించకుండానే పక్క మార్చడం, ఒళ్లు తుడవడం, కట్టు కట్టడం అన్నీ ఆ బొమ్మ మీదనే నేర్చుకున్నాం. బొమ్మ ఒకటే కావడంతో మిగిలినవాళ్లం గోడవారగా నిలబడి, ముందు చేస్తున్నవారి చేతుల కదలికను గమనిస్తూ వంతు కోసం ఎదురుచూసేవాళ్లం.

అయితే ఆ గదిలో గడిపిన కాలం కొద్దిదే. మొదటి సంవత్సరం ఇంకా పూర్తి కాకముందే డ్యూటీ చార్టులో స్టాఫ్ నర్సుల పేర్ల కింద మా పేర్లు చేరేవి. రెండో సంవత్సరం విద్యార్థిని రాత్రిపూట ఒక వార్డంతటినీ చూసుకోవడం, అనుమానం వస్తే పక్క వార్డులోని స్టాఫ్ నర్సు దగ్గరకు పరుగెత్తడం ఆనాడు ఎవరికీ వింతగా తోచేది కాదు. ఉదయం క్లాసులో కూర్చున్నప్పుడు ముందురాత్రి డ్యూటీ చేసినవాళ్ల కళ్లు మూతలు పడుతుంటే ట్యూటర్లు చూసీ చూడనట్టు ఊరుకునేవారు. నెలనెలా ఇచ్చే స్టైపెండులో కొంత ఇంటికి పంపేవాళ్లం. ఆ డబ్బే లేకపోతే మా బ్యాచ్‌లో చాలామంది నర్సింగ్ వైపు వచ్చేవారే కారు. ఆసుపత్రికి మా వల్ల ఒనగూరిన పని ముందు ఆ స్టైపెండు చాలా చిన్నది అన్నది ఎంత నిజమో, ఆ కొద్ది మొత్తమే ఎన్నో ఇళ్ల అమ్మాయిలకు చదువుకునే దారి చూపించింది అన్నదీ అంతే నిజం.

విద్యార్థినుల శ్రమతో వార్డులు నడిపే పద్ధతి మా ఆసుపత్రిలో పుట్టింది కాదు. ఫ్లారెన్స్ నైటింగేల్ 1860లో లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో శిక్షణ పాఠశాలను నెలకొల్పినప్పుడు దాని వెనుక ప్రత్యేకమైన నిధి ఉంది. క్రిమియా యుద్ధకాలంలో ఆమె చేసిన సేవకు కృతజ్ఞతగా ప్రజలు చందాలు వేసుకుని సమకూర్చిన నైటింగేల్ ఫండ్ అది. ఆ నమూనా దేశదేశాలకు వ్యాపించినప్పుడు చాలా ఆసుపత్రులు పాఠశాలను అయితే తెచ్చుకున్నాయి గాని, దానికి ఆధారమైన నిధి ఆలోచనను వదిలేశాయి. చదువుకయ్యే ఖర్చును విద్యార్థినులు తమ డ్యూటీలతోనే తీర్చుకోవలసి వచ్చింది. 1923లో అమెరికాలో నర్సింగ్ విద్యను పరిశీలించి వెలువడిన గోల్డ్‌మార్క్ నివేదిక ఈ సంగతిని బయటపెట్టి, ఆసుపత్రి పని అవసరాలకూ విద్యార్థినుల చదువుకూ పొంతన కుదరనప్పుడు నష్టపోతున్నది చదువేనని, నర్సింగ్ స్కూళ్లకు తమవంటూ ఆర్థిక వనరులు ఉండి తీరాలని చెప్పింది. ట్యూటరునైన తరువాత నర్సింగ్ చరిత్ర పాఠంలో ఈ భాగానికి వచ్చినప్పుడల్లా నాకు మా నైట్ డ్యూటీలే గుర్తుకు వచ్చేవి.

ఆ కొరతల మధ్య కూడా మేము నిజంగా నర్సులం కాగలిగామంటే అందుకు ప్రధాన కారణం మా సిస్టర్ ట్యూటర్. ఆమె క్లాసు చెప్పి స్టాఫ్‌రూముకు వెళ్లిపోయే మనిషి కాదు. పాఠం ముగిశాక మమ్మల్ని వెంటబెట్టుకుని వార్డుకు వచ్చేవారు. ఎనిమిదిమందిమో, మహా అయితే పదిమందిమో ఉండేవాళ్లం. ఒకసారి ఆపరేషన్ అయిన ఒక పెద్దావిడ మంచం దగ్గర నేను నాడి చూసి, అంకె చెప్పి, కేస్ షీటులో రాయబోతుండగా సిస్టర్ ట్యూటర్ నా చేయి ఆపి, "లెక్క సరిగ్గానే చెప్పావమ్మా. ఆమె చేయి ఇందాకటికన్నా చల్లబడిందా? నుదుటి మీద చెమట ఎప్పటినుంచి ఉంది? పొద్దున నీతో మాట్లాడిన మనిషి ఇప్పుడు ఎందుకు అటూ ఇటూ పొర్లుతోంది? అవి కూడా చూసి రాయి" అన్నారు. లోపల రక్తస్రావం జరుగుతున్నప్పుడు రక్తపోటు పడిపోవడం తరువాతి సంగతి, దానికి ముందే నాడి వేగం పెరగడం, చర్మం చల్లబడడం, రోగిలో అకారణమైన అలజడి కనిపించడం మొదలవుతాయని ఆమె అక్కడే, ఆ మంచం పక్కనే నిలబడి వివరించారు. డాక్టరును వెంటనే పిలిపించారు. ఆ పెద్దావిడను మళ్లీ థియేటరుకు తీసుకుపోయారు, ఆమె కోలుకుని ఇంటికి వెళ్లింది.

పుస్తకంలో ఈ లక్షణాల పట్టిక ఉంది. దాన్ని మేమందరం కంఠతా పట్టాం, పరీక్షలో రాశాం. కానీ చల్లబడిన చేయి ఎలా ఉంటుందో, ఆ అలజడి మామూలు నొప్పి వల్ల కలిగే కదలికకన్నా ఎలా వేరుగా ఉంటుందో తెలిసినవారు పక్కన నిలబడి చూపిస్తే తప్ప తెలియదు. దీనికి పెద్ద భవనాలు అక్కరలేదు. ఒక అనుభవజ్ఞురాలైన ట్యూటరు, ఆమె వెంట కొద్దిమంది విద్యార్థినులు, వారిని వార్డులోకి రానిచ్చే హెడ్ నర్సు, తొందరపెట్టని సమయం ఉంటే చాలు. మన దేశంలో నర్సింగ్ కౌన్సిల్ బీఎస్సీ కోర్సుకు పదిమంది విద్యార్థులకు ఒక టీచరు ఉండాలని నిబంధన పెట్టడం వెనుక ఉన్నది ఈ అవసరమే. కాగితం మీద అది ఒక నిష్పత్తిగా కనిపిస్తుంది గాని, నా వరకు అది ఆ రోజు ఆ మంచం చుట్టూ నిలబడిన మా సంఖ్య.

నేను ట్యూటరుగా చేరిన కొన్నేళ్లకు మా స్కూలుకు తొలిసారి పెద్ద మొత్తంలో నిధులు వచ్చాయి. నర్సుల కొరత తీవ్రంగా ఉందని, శిక్షణ సామర్థ్యాన్ని పెంచాలని ప్రభుత్వం నిర్ణయించిందని చెప్పినప్పుడు మాకందరికీ ఎంతో సంతోషం కలిగింది. హాస్టలుకు కొత్త అంతస్తు లేచింది. క్లాసుగదికి కొత్త బల్లలు వచ్చాయి, లైబ్రరీకి పుస్తకాలు వచ్చాయి. సీట్లు ఒక్కసారిగా రెట్టింపయ్యాయి. ట్యూటర్ పోస్టులు మాత్రం అన్నే ఉండిపోయాయి. మంజూరైన పోస్టుల్లోనే కొన్ని ఖాళీగా ఉండేవి, వాటినీ భర్తీ చేయలేదు. భవనానికి ఒకసారి డబ్బు ఇస్తే సరిపోతుంది, మనిషికి ఏటా జీతం ఇవ్వాలి కాబట్టి నిధులు మంజూరు చేసేవారికి మొదటిది సులభంగా తోస్తుందని అప్పుడు మాకు అర్థమైంది.

దాని ఫలితం మొదట కనబడింది వార్డులోనే. పాతిక ముప్పైమంది అమ్మాయిలు ఒక రోగి మంచం చుట్టూ మూగితే వెనుక వరుసవారికి ఏమీ కనిపించదు, రోగికి ఊపిరాడనట్టుంటుంది, హెడ్ నర్సుకు విసుగు వస్తుంది. వార్డుల్లో మంచాలు పెరగలేదు. కాన్పుల గదిలో కాన్పుల సంఖ్యా పెరగలేదు. ఒక్కో విద్యార్థిని చూడవలసిన, తన చేతులతో చేయవలసిన కాన్పుల సంఖ్య నిబంధనల్లో ఉంటుంది. ఆ సంఖ్య పూర్తి చేయడానికి అమ్మాయిలు రాత్రులు కాన్పుల గది బయట కాచుకుని కూర్చునేవారు. మేము పోస్టింగులను మూడు షిఫ్టులుగా విడగొట్టాం, ఆదివారాలు కలిపాం, ఆరోగ్య కేంద్రాలకు కొందరిని పంపాం. మా చేతనైనదంతా చేశాం. అయినా ఒక ట్యూటరు ఒకేసారి మూడు వార్డుల్లో ఉండలేదు. తెలివైన పిల్లలు, కష్టపడే పిల్లలు, కోర్సు పూర్తి చేసి వెళ్తూ, "మేడం, మమ్మల్ని ఒంటరిగా ఐసీయూలో వేస్తారేమోనని భయంగా ఉంది" అని చెప్పిన మాటలు నాకు ఇప్పటికీ బాధ కలిగిస్తాయి.

నర్సుల కొరతను ప్రభుత్వ ధనంతో నిజంగా తీర్చిన సందర్భం చరిత్రలో లేదా అని ఆ రోజుల్లో వెతుక్కుని చదివాను. క్లాసులో నేను ఎక్కువసేపు చెప్పే పాఠం ఒకటి అప్పుడే తయారైంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికాలో నర్సులు సైన్యంలోకి వెళ్లిపోవడంతో స్వదేశంలోని ఆసుపత్రుల్లో నర్సుల కొరత ఏర్పడింది. ప్రతినిధుల సభ సభ్యురాలు ఫ్రాన్సిస్ పేన్ బోల్టన్ ప్రతిపాదించిన చట్టం 1943లో అమల్లోకి వచ్చి, క్యాడెట్ నర్స్ కోర్ అనే కార్యక్రమం ఏర్పడింది. విద్యార్థినుల ఫీజులు, పుస్తకాలు, యూనిఫారాలు, నెలసరి స్టైపెండు ప్రభుత్వమే భరించింది. దానికి బదులుగా యుద్ధం ముగిసేవరకు అవసరమైన చోట నర్సుగా పనిచేస్తామని వారు మాట ఇవ్వాలి. శిక్షణ కాలాన్ని 30 నెలలకు కుదించారు. జాతి, మతం, రంగు పేరిట వివక్ష చూపరాదని చట్టంలోనే రాశారు. అందువల్ల నల్లజాతి అమ్మాయిలు వేల సంఖ్యలో నర్సింగ్ చదువులోకి రాగలిగారు. 1948లో కార్యక్రమం ముగిసేనాటికి సుమారు 1,24,000 మంది అందులో శిక్షణ పూర్తి చేశారు.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది ఆ సంఖ్య కాదు. ఆ చట్టం కింద విద్యార్థినులకే కాక నర్సింగ్ స్కూళ్లకు కూడా నిధులు ఇచ్చారు, స్కూళ్లు తమ పాఠ్యక్రమాన్ని, బోధనను నిర్ణీత ప్రమాణాలకు తెచ్చుకుంటేనే కార్యక్రమంలో చేర్చుకున్నారు. యుద్ధం నడుస్తున్నప్పుడు, రేపటికల్లా నర్సులు కావాలన్న తొందరలో కూడా బోధనా ప్రమాణాల షరతును వదులుకోలేదు. తరువాత 1964లో అదే దేశంలో అధ్యక్షుడు లిండన్ జాన్సన్ సంతకం చేసిన నర్స్ ట్రైనింగ్ చట్టం కూడా భవనాలకు, విద్యార్థుల రుణాలకు ఇచ్చినట్టే, బోధకులుగా, పర్యవేక్షకులుగా తయారయ్యే నర్సుల పై చదువులకూ డబ్బు కేటాయించింది. ఈ వివరాలు నోట్సులో రాసుకుని, ఒక ప్రతిని మా ప్రిన్సిపాల్ మేడం బల్ల మీద పెట్టాను. ఆమె పై అధికారులతో జరిగే సమావేశాలకు దాన్ని తీసుకుని వెళ్లేవారు.

ఆమె ఎన్నిసార్లు అడిగారో, ఎన్ని ప్రతిపాదనలు పంపారో నేను దగ్గర ఉండి చూశాను. చివరికి వచ్చిన రెండో విడత నిధులు మొదటిదానికన్నా తక్కువే గాని, అవి చేరవలసిన చోటికి చేరాయి. సర్వీసులో ఉన్న స్టాఫ్ నర్సులను, ట్యూటర్లను పూర్తి జీతంతో డిగ్రీకి, పీజీకి పంపే అవకాశం వచ్చింది. అలా వెళ్లినవారిలో నేనూ ఉన్నాను. చిన్నపిల్లల తల్లినై ఉండి, జీతం ఆగిపోయే పనైతే ఆ చదువు నాకు దక్కేదే కాదు. వార్డుల్లో పనిచేసే అనుభవజ్ఞులైన నర్సులకు క్లినికల్ ఇన్‌స్ట్రక్టర్లుగా అదనపు భత్యం ఇచ్చి, వారి డ్యూటీలో కొంత భాగాన్ని బోధనకు కేటాయించారు. ఆ భత్యం పెద్దదేమీ కాదు. కాని అంతవరకు విద్యార్థినులను భారంగా చూసిన వార్డు సిస్టర్లు "నా బ్యాచ్ పిల్లలు" అని చెప్పుకోవడం మొదలైంది. షిఫ్టు మారేటప్పుడు రోగులను అప్పగించే హ్యాండోవర్ సమయంలో విద్యార్థినులను పక్కన నిలబెట్టుకుని, ఒక్కో రోగి గురించి వారి చేత చెప్పించేవారు. మా సిస్టర్ ట్యూటర్ ఆనాడు ఒంటరిగా చేసిన పని మళ్లీ నాలుగైదు వార్డుల్లో ఒకేసారి జరగడం నా ఉద్యోగ జీవితంలో నేను చూసిన గొప్ప మార్పు.

స్కిల్ ల్యాబ్ కూడా ఆ తరువాతే వచ్చింది. ఊపిరి పీల్చే మానికిన్లు, నాడి కొట్టుకునే చేతులు, గుండె శబ్దాలు వినిపించే యంత్రాలు చూసినప్పుడు మా దూది బొమ్మ గుర్తుకు వచ్చి కళ్లు చెమర్చాయి. అమెరికాలో నర్సింగ్ బోర్డుల జాతీయ మండలి 2014లో ప్రచురించిన అధ్యయనంలో, ఆసుపత్రి శిక్షణ గంటల్లో సగం వరకు నాణ్యమైన సిమ్యులేషన్‌తో, అంటే మానికిన్ల వంటి వాటి మీద చేసే అభ్యాసంతో, భర్తీ చేసినా విద్యార్థుల నేర్పులో తేడా కనిపించలేదని తేలింది. వార్డులు చాలని చోట ఇది ఎంతో ఆశ కలిగించే మాట. కాని ఆ ఫలితం శిక్షణ పొందిన బోధకులు, తగినన్ని పరికరాలు, ప్రతి అభ్యాసం తరువాత కూర్చుని చర్చించే సమయం ఉన్న స్కూళ్లలో వచ్చినది. తాళం వేసిన గదిలో కవరు కప్పిన మానికిన్ వల్ల ఎవరికీ ఏమీ రాదు. అటువంటి గదులను నేను తనిఖీలకు వెళ్లినప్పుడు చూశాను.

విద్యార్థినులకు నేరుగా అందే సాయం విషయంలో ఇంగ్లండ్ అనుభవాన్ని నేను పదవీ విరమణకు ముందు ఆసక్తిగా గమనించాను. 2017లో అక్కడ కొత్తగా చేరే నర్సింగ్ విద్యార్థులకు బర్సరీని, అంటే ప్రభుత్వం ఇచ్చే చదువు భత్యాన్ని, ఆపి, రుణాలు తీసుకుని చదువుకోమన్నారు. దరఖాస్తులు పడిపోయాయి. కాస్త వయసు వచ్చాక, పిల్లలు పుట్టాక నర్సింగ్‌లోకి రావాలనుకునేవారు ముఖ్యంగా వెనుకంజ వేశారు. 2020 నుంచి మళ్లీ ఏడాదికి కనీసం 5,000 పౌండ్ల చొప్పున తిరిగి చెల్లించనక్కరలేని సాయాన్ని ఇవ్వడం మొదలుపెట్టారు. మా బ్యాచ్ అమ్మాయిలు స్టైపెండు చేతికి అందిన రోజు మనియార్డరు ఫారాలు నింపడం కళ్లారా చూసిన నాకు ఈ ఫలితం ఆశ్చర్యం కలిగించలేదు.

చదువు పూర్తి చేసిన పిల్లలు ఏమయ్యారన్నది వేరే కథ. కొన్ని బ్యాచ్‌లకు ప్రభుత్వ పోస్టులు ప్రకటించలేదు, ప్రైవేటులో జీతాలు చాలలేదు. మా దగ్గర అన్నివిధాలా తీర్చిదిద్దినవారు విదేశాలకు వెళ్లిపోయారు. వారిని నేను ఎన్నడూ తప్పుపట్టను. అక్కడినుంచి ఫోను చేసి, "మేడం, ఇక్కడ నాకు నలుగురు రోగులే" అని ఒక అమ్మాయి చెప్పినప్పుడు ఆమె గొంతులోని ఊరటను నేను విన్నాను. అమెరికా నర్సింగ్ పరిశోధకురాలు లిండా ఐకెన్ బృందం 2002లో ప్రచురించిన ప్రసిద్ధ అధ్యయనం ప్రకారం శస్త్రచికిత్స వార్డుల్లో ఒక నర్సుకు అదనంగా చేరే ఒక్కో రోగితో, ఆసుపత్రిలో చేరిన 30 రోజుల్లోపు రోగులు మరణించే అవకాశం 7 శాతం పెరుగుతుంది. అదే బృందం 2014లో తొమ్మిది ఐరోపా దేశాల ఆసుపత్రులను పరిశీలించి, డిగ్రీ చదివిన నర్సుల వాటా 10 శాతం పెరిగిన చోట మరణాల అవకాశం 7 శాతం తక్కువగా ఉందని చూపింది. నర్సుల సంఖ్యా కావాలి, వారి చదువూ కావాలి. ఈ రెండింటినీ విడదీసి ఒకదానికే డబ్బు ఇచ్చే పథకాల మీద నాకు నమ్మకం లేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020ని నర్సుల, మంత్రసానుల సంవత్సరంగా ప్రకటించి, ఆ ఏడాది ఏప్రిల్‌లో తెచ్చిన నివేదికలో ప్రపంచమంతటా 2.79 కోట్ల మంది నర్సులు ఉన్నారని, ఇంకా 59 లక్షల మంది కావాలని చెప్పింది. ఆ కొరతలో 89 శాతం పేద, దిగువ మధ్యాదాయ దేశాల్లోనే ఉంది. 2025 నివేదిక నాటికి నర్సుల సంఖ్య 2.98 కోట్లకు చేరినా కొరత 58 లక్షల దగ్గరే నిలిచింది. ఇంతమంది పెరిగినా లోటు దాదాపు కదలకపోవడం చూసి, నేను కొంతసేపు ఆ పేజీ తిప్పలేకపోయాను.

మన దేశంలో 2023 బడ్జెట్‌లో 157 కొత్త నర్సింగ్ కళాశాలలను ప్రకటించారు. అదే సంవత్సరం ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం వాటికి 1,570 కోట్ల రూపాయలు ఆమోదించింది. ఏటా సుమారు 15,700 మంది నర్సింగ్ పట్టభద్రులు అదనంగా రావాలన్నది లక్ష్యం. 2014 తరువాత ఏర్పడిన వైద్య కళాశాలల పక్కనే వీటిని పెట్టాలన్న ఆలోచన నాకు నచ్చింది. రోగులు ఉన్న చోటికే విద్యార్థులు వెళ్తారు, ల్యాబులను, గ్రంథాలయాన్ని కలిసి వాడుకోవచ్చు. దేశ ఆరోగ్య వ్యవస్థను పరిశీలించిన భోర్ కమిటీ 1946లో నివేదిక ఇచ్చేనాటికి దేశం మొత్తం మీద సుమారు 7,000 మంది నర్సులే ఉన్నారని చదువుకున్న తరం మాది. ఇంతదూరం వచ్చినందుకు గర్వంగా ఉంది.

ఇప్పుడు ఆ కళాశాలల్లో చేరిన నా పూర్వ విద్యార్థినులు కొందరు ట్యూటర్లుగా పనిచేస్తూ ఫోను చేస్తుంటారు. నేను వారిని అడిగేది ఒక్కటే, మీ వెంట వార్డుకు ఎంతమంది పిల్లలు వస్తున్నారని. ఒక నర్సు పీజీ చదివిన బోధకురాలు కావాలంటే నాలుగేళ్ల బీఎస్సీ, ఆ తరువాత కనీసం ఏడాది అనుభవం, ఆపైన రెండేళ్ల ఎంఎస్సీ కావాలి. అంటే ఇంటర్ పూర్తి చేసిన అమ్మాయి అలాంటి బోధకురాలిగా నిలబడడానికి ఏడేళ్లు పడుతుంది. భవనం రెండేళ్లలో లేస్తుంది. అందువల్ల ఏ ప్రభుత్వమైనా సీట్లు ప్రకటించడానికి ముందే, ఇప్పటికే సర్వీసులో ఉన్న మంచి స్టాఫ్ నర్సులను గుర్తించి, మా ప్రిన్సిపాల్ మేడం ఆనాడు పట్టుబట్టి సాధించినట్టుగా, పూర్తి జీతంతో పై చదువుకు పంపాలని, వారు తిరిగి వచ్చేసరికి శాశ్వత ట్యూటర్ పోస్టులు సిద్ధంగా ఉంచాలని నేను గట్టిగా కోరుతున్నాను.